పాత గరాజ్ ఓపెనర్లను చెత్తలోకి పంపకండి: డాలస్ ప్రాంత తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

మీ సంఘానికి ఎక్కడో ఒక స్టోరేజ్ యూనిట్ ఉండే ఉంటుంది. సంక్రాంతి బ్యానర్లు, ప్లాస్టిక్ మామిడి తోరణాలు, ఏదో నాటకానికి కట్టిన రాజదర్బారు అట్టలు, పనిచేస్తాయో లేదో ఎవరికీ తెలియని స్పీకర్లు అందులో పడి ఉంటాయి. అందులో ఒక మూల ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం. మనవాళ్లు కొత్త గరాజ్ డోర్ ఓపెనర్ (కారు షెడ్డు తలుపును మోటారుతో ఎత్తి దించే మెషీన్) పెట్టించుకున్నప్పుడు దించేసిన పాతదాన్ని అక్కడికి చేర్చుదాం. బాగున్న పార్టులు విప్పి, అదే మోడల్ ఇంకా వాడుతున్న ఇంటికి ఇద్దాం.

వీసాల మీద, పన్నుల మీద, కాలేజీ అడ్మిషన్ల మీద మీరు పెట్టే సదస్సులకు నేను వస్తూనే ఉన్నాను. ఇల్లు కొనడం మీద కూడా పెడతారు. కొన్న ఇంటిని నడుపుకోవడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అందుకే ఈ విషయం మీకు కాస్త చిన్నదిగా కనిపించవచ్చు.

ప్లేనో, ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో మనవాళ్లు ఉంటున్న ఇళ్లలో చాలావాటికి ఇరవై, పాతికేళ్లు దాటాయి. ప్లేనో పాత కాలనీల్లో గరాజ్ ఇంటి వెనక సందులోకి తెరుచుకుంటుంది. రాకపోకలన్నీ అటునుంచే. ముందు తలుపు తాళంచెవి ఎక్కడుందని అడిగితే సగం ఇళ్లలో వెతుక్కోవాలి. అలాంటి ఇంట్లో ఓపెనర్ మొరాయిస్తే ఆఫీసు టైముకు కారు లోపలే ఉండిపోతుంది. మెషీన్ నుంచి తాడుకు వేలాడే ఎర్ర హ్యాండిల్ లాగితే మోటారు నుంచి తలుపు విడిపోతుందని, అప్పుడు చేత్తో ఎత్తవచ్చని తెలిసినవాళ్లు తక్కువ. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఒంటరిగా ఉండే ఇళ్లలో ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ.

మా ఇంట్లో ఆగిపోయినప్పుడు వచ్చిన టెక్నీషియన్ కవర్ కూడా విప్పలేదు. కింద నిలబడే మోడల్ చూసి, "దీనికి పార్టులు రావడం ఎప్పుడో మానేశాయి, కొత్తది పెట్టించుకోండి" అని ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మీలో చాలామంది ఇదే మాట వేరే కంపెనీ మనిషి నోట విని ఉంటారు. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేను. పాతదాన్ని విప్పి బాగుచేస్తే, ఆర్నెల్లకు అందులో ఇంకేదో పోయినా తిట్లు వాళ్లకే. కొత్తది బిగించి వారంటీ కాగితం ఇచ్చి వెళ్లిపోవడం తేలిక, లాభం కూడా. అయినా "పార్టులు రావు" అన్నది చాలాసార్లు నిజం కాదు. కవర్ మీద రాసి ఉన్న పేరుతో రావు, అంతే.

ఉదాహరణకు క్రాఫ్ట్స్‌మన్. ఒకప్పుడు సియర్స్ దుకాణాల్లో అమ్మిన ఈ ఓపెనర్లు పాత ఇళ్లలో ఇప్పటికీ వేలాడుతున్నాయి. 2017లో సియర్స్ ఆ పేరును స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్‌కు అమ్మేసింది. 2018 అక్టోబరులో దివాలా పిటిషన్ వేసింది. దుకాణమే పోయింది కదా, ఇక మెషీన్‌కు దిక్కెవరని మనం అనుకుంటాం. కానీ వాటి మోడల్ నంబరు 139తో మొదలైతే తయారు చేసింది ఛాంబర్లేన్. లిఫ్ట్‌మాస్టర్ పేరుతో అమ్మేదీ వాళ్లే. పేర్లు వేరు, కవర్ల రంగులు వేరు, లోపల చాలావరకు ఒకే సరుకు. కాబట్టి వెతకాల్సింది బ్రాండ్ పేరుతో కాదు, పార్టు నంబరుతో.

మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది, చైన్ మాత్రం కదలదు. కవర్ విప్పితే గ్రీజులో కలిసిపోయిన తెల్లటి పొడి. ఇది పాత చైన్ మెషీన్లలో తరచూ వచ్చే జబ్బు. లోపలి తెల్ల నైలాన్ గేరు అరిగిపోయిందని అర్థం. ఛాంబర్లేన్ చైన్ మోడళ్లలో చాలావాటికి దశాబ్దాలుగా అదే గేరు వస్తోంది. గేరు, దాన్ని తిప్పే మర వార్మ్ కలిపిన సెట్టు నంబరు 41ఏ2817. చైన్‌ను లాగే పళ్లచక్రం స్ప్రాకెట్‌తో సహా పూర్తి సెట్టు కావాలంటే 41సీ4220ఏ. మెషీన్ ధరలో చిన్న వంతుకే దొరికే వస్తువు. దీనికోసం వందల డాలర్లు పెట్టి మొత్తం మెషీన్ మార్చుకున్న ఇళ్లు మన కాలనీల్లో ఎన్ని ఉన్నాయో!

మోటారు గుర్రుమంటూనే తిరగకుండా ఉండిపోతే, ముందు దాన్ని కదిలించడానికి తోడ్పడే కెపాసిటర్‌ను అనుమానించాలి. తలుపు తెరుచుకుని, మూసుకోనని మొండికేస్తూ లైటు టపటపా కొట్టుకుంటుంటే, దారికి ఎవరైనా అడ్డున్నారేమో చూసే కింది సెన్సర్లను చూడాలి. సాలెగూడు పట్టినా, పిల్లల సైకిల్ తగిలి పక్కకు తిరిగినా చాలు. పడమర వైపు గరాజ్ ఉన్న ఇళ్లలో సాయంత్రం ఎండ నేరుగా సెన్సర్ మీద పడ్డా ఇదే జరుగుతుంది. పంపే సెన్సర్‌ను, అందుకునే సెన్సర్‌ను అటూ ఇటూ మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఈ సెన్సర్ల గొడవకు కొత్త పార్టు కూడా అక్కర్లేదు.

అసలు చిక్కు లాజిక్ బోర్డుతో, అంటే మెషీన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో. మన దగ్గర వసంతకాలపు ఉరుములు, పిడుగులు మీకు తెలియనివి కావు. కరెంటు ఒక్కసారి ఎగసి సర్జ్ వస్తే బోర్డు పోతుంది. గేరులా పది మోడళ్లకు ఒకే బోర్డు సరిపోదు. ఆ మోడల్‌కు ఆ బోర్డే కావాలి. కంపెనీ దాన్ని ఆపేస్తే, ఈబేలో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర పాతది కొని, పనిచేస్తుందని దేవుడికి దండం పెట్టుకోవడమే. జీనీ అనే ఇంకో బ్రాండు స్క్రూ మెషీన్లలో, పైన పట్టాలా ఉండే రైలు మీద నడుస్తూ తలుపును లాగే క్యారేజ్ సంగతీ ఇలాగే ఉంటుంది. రైలు డిజైన్ ఏ కాలానిదో దాన్నిబట్టి క్యారేజ్ మారిపోతుంది. స్టాన్లీ పేరుతో ఒకప్పుడు వచ్చిన ఓపెనర్లున్న ఇళ్లవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం.

ఇక్కడే మీ స్టోరేజ్ మూల పనికొస్తుంది. మన కాలనీలు ఎలా కట్టారో గుర్తుచేసుకోండి. ఒకే బిల్డర్, ఒకే ఏడాది, వరసగా ఇళ్లు. ఫ్లోర్ ప్లాన్లు నాలుగైదు ఉన్నా ఓపెనర్లు మాత్రం బిల్డర్ ఒకేచోట కొని తెచ్చినవే. మా ఇంట్లో చెడిపోయిన మెషీన్‌కు కవల తోబుట్టువు ఎదురింటి గరాజ్‌లో ఉంటుంది. ఒక ఇంట్లో గేరు పోయి మొత్తం దించేసినప్పుడు దాని బోర్డు నిక్షేపంగా ఉంటుంది. రెండు వీధుల అవతల బోర్డు పోయి దించేసినదాంట్లో మోటారు, గేరు, ట్రాలీ, సెన్సర్లు బాగానే ఉంటాయి. ఈ రెండు ఇళ్లవాళ్లూ ఒకరికొకరు తెలియకపోవడం వల్ల రెండు మెషీన్లూ డంప్‌యార్డుకు పోతాయి. వీళ్లిద్దరినీ కలపగలిగింది మీరే. మీ వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని వేల ఇళ్లున్నాయో మీకే తెలుసు.

మనకిది కొత్త విద్య కాదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ ఒకటి వచ్చి ఆగితే అది ఎన్ని బళ్లకు ప్రాణం పోస్తుందో చూసినవాళ్లు మీ కార్యవర్గాల్లోనే ఉంటారు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి పాత ఆంప్లిఫైయర్‌కు ట్రాన్సిస్టర్ వెతికినవాళ్లూ ఉంటారు. అక్కడ అంత తెలివిగా బతికినవాళ్లం, ఇక్కడికొచ్చాక ఏ వస్తువు ఆగినా పక్కన పడేసి క్రెడిట్ కార్డు తీయడం ఎప్పుడు అలవాటు చేసుకున్నామో! పైగా మనలో ఈసీఈ, ట్రిపుల్ఈ చదివి జావా రాస్తూ బతుకుతున్నవాళ్లకు కొదవ లేదు. బోర్డు మీద ఊడిపోయిన సోల్డర్ అతికించడం, ఉబ్బిన కెపాసిటర్ మార్చడం వాళ్లకు ఆదివారం మధ్యాహ్నం సరదా. అడిగేవాళ్లు లేకే ఊరుకున్నారు.

పార్టులు పంచుకోవాలంటే ఏది దేనికి సరిపోతుందో తెలియాలి. ఛాంబర్లేన్ మెషీన్లకు దీన్ని కనిపెట్టడం తేలిక. వెనక లేదా పక్కన, మెషీన్‌కు రిమోట్‌ను పరిచయం చేయడానికి నొక్కే లెర్న్ బటన్ రంగు చూస్తే చాలు. ఆకుపచ్చ అయితే 1990ల మధ్య నాటిది. ఎరుపు, నారింజ కలిసిన రంగు అయితే 1990ల రెండో సగం నుంచి దాదాపు 2005 వరకు. ఆ తర్వాత ఊదా. 2011 నుంచి పసుపు. ఆకుపచ్చకన్నా పాతవాటిలో చాలావాటికి బటన్ ఉండదు. రిమోట్‌లో చిన్న చిన్న స్విచ్‌లు పైకీ కిందకీ జరిపి కోడ్ పెట్టుకోవాలి.

రంగు మారినచోట రేడియో కూడా మారింది. దాని వెనక కథ తెలిశాక నాకు ఆశ్చర్యమేసింది. పాతవి 390 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవి. 2004, 2005 ప్రాంతంలో అమెరికా సైన్యం తన స్థావరాల్లో కొత్త రేడియోలు పెట్టింది. అవి 380 నుంచి 400 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి. ఆ పట్టీ మొదటినుంచీ సైన్యానిదే. అనుమతి అక్కర్లేని చిన్న పరికరాలుగా ఓపెనర్లు అందులో సర్దుకున్నాయి. దాంతో స్థావరాల చుట్టుపక్కల ఇళ్లలో రిమోట్లు పనిచేయడం మానేశాయి. అందుకే ఊదా బటన్ మెషీన్లు 315 మెగాహెర్ట్జ్‌కు మారాయి. 2004 నాటి రిమోట్‌తో 2006 నాటి మెషీన్ తెరుచుకోకపోతే రిమోట్ చెడిపోయిందని పారేయకండి. దానికి సరిపడే మెషీన్ ఇంకో ఇంట్లో ఉంటుంది.

రిమోట్ల విషయంలో మనకు కోర్టు చేసిన మేలు ఒకటుంది. స్కైలింక్ అనే కంపెనీ వేరే బ్రాండ్ల తలుపులు కూడా తెరిచే యూనివర్సల్ రిమోట్ అమ్మింది. డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని నేరం చేసిన 1998 నాటి కాపీరైట్ చట్టాన్ని పట్టుకుని ఛాంబర్లేన్ దానిమీద కేసు వేసింది. 2004 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు స్కైలింక్ పక్షాన తీర్పిచ్చింది. కొనుక్కున్న ఓపెనర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను వాడుకునే హక్కు కొన్నవారికి ఉందని చెప్పింది. పాత మెషీన్‌కు వేరే కంపెనీ రిమోట్ ధైర్యంగా కొనుక్కునే వీలు మిగిలిందంటే ఆ తీర్పుకూ అందులో భాగముంది.

ఇంత తాపత్రయం ఎందుకు, రిపేరుకు కావాల్సిన పార్టులు కంపెనీలు ఇవ్వాలనే రిపేరు హక్కు చట్టాలు వస్తున్నాయి కదా అని మీలో ఒకరు నాతో అన్నారు. వస్తున్నాయి, మంచిదే. న్యూయార్క్‌లో 2022లో, మిన్నెసోటా, కాలిఫోర్నియాల్లో 2023లో, ఆరెగన్, కొలరాడోల్లో 2024లో వచ్చాయి. కానీ తేదీలు చూడండి. న్యూయార్క్ చట్టం 2023 జూలై నుంచి వచ్చిన పరికరాలకే. మిన్నెసోటాలో 2021 జూలై తర్వాత అమ్మినవాటికి. కాలిఫోర్నియా చట్టం వంద డాలర్లు, ఆపైన ధర ఉన్న వస్తువులకు తయారీ ఆపిన ఏడేళ్ల వరకు పార్టులు ఇవ్వమంటోంది. ఇవన్నీ ముఖ్యంగా ఫోన్లు, లాప్‌టాప్‌లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఫోనుకు ఏడేళ్లంటే ఒక జీవితం. పాతికేళ్లు పనిచేసే ఓపెనర్‌కు ఏడేళ్లు ఏ మూలకు? 2003లో బిగించిన మా ఇంటి మెషీన్‌కు వీటిలో ఏదీ అక్కరకు రాదు. మన రాష్ట్ర శాసనసభ్యులకు ఉత్తరాలు రాద్దాం, ఓపెనర్ల పేరు ఎత్తి అడుగుదాం. ఎన్నికల ముందు మీ వేదికలెక్కి నమస్తే అనే నాయకులను ఈసారి ఇది కూడా అడగండి. అది రేపటి మెషీన్ల కోసం. ఈరోజు మెషీన్లకు మనమే పూనుకోవాలి.

కొత్తది కొంటే గొడవ తీరుతుందా అంటే అదీ అనుమానమే. ఇప్పటి ఓపెనర్లు యాప్‌తో వస్తున్నాయి. 2023 చివర్లో ఛాంబర్లేన్ ఫోన్‌తో తలుపు నడిపే తన మైక్యూ సర్వీసులోకి బయటి సాఫ్ట్‌వేర్లు రాకుండా ఆపేసింది. వాళ్ల యాప్ కాకుండా వేరే సాఫ్ట్‌వేర్‌తో తలుపు నడుపుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా ఇరుకున పడ్డారు. మెషీన్ మన పైకప్పుకే వేలాడుతున్నా దాన్ని దేనితో నడపాలో నిర్ణయించేది వేరే ఊళ్లోని కంపెనీ. పాతదానికి కనీసం ఆ బెడద లేదు.

అలాగని ప్రతి పాతదాన్నీ బతికించమని నేను అనను. ఈ విషయంలో గట్టిగా ఉండాలి. పిల్లలు తలుపుల కింద నలిగి చనిపోయిన ఘటనల తర్వాత 1990లో అమెరికా చట్టం చేసింది. 1993 జనవరి 1 నుంచి తయారైన ప్రతి ఇంటి ఓపెనర్‌కూ, మనిషి అడ్డుంటే తలుపు వెనక్కి మళ్లే ఏర్పాటు తప్పనిసరి అయింది. నేలకు ఆరు అంగుళాలు మించని ఎత్తులో రెండు పక్కలా ఎదురెదురుగా ఉండే ఆ చిన్న కళ్లు అలా వచ్చినవే. అంతకుముందు తయారై, ఆ కళ్లు లేని మెషీన్ ఎంత బాగా నడుస్తున్నా దించేయాల్సిందే. దానికి రిపేరు వద్దు, మన మూలలో చోటూ వద్దు. కొందరు రెండు సెన్సర్లనూ ఎదురెదురుగా టేపు వేసి పైన మోటారు పక్కన కట్టేస్తారు. అలాంటిది మన వాలంటీర్ కంట పడితే అక్కడే ఆగి, ముందు దాన్ని విప్పించాలి.

ఇంకో గీత కూడా గీసుకోవాలి. స్ప్రింగులు, వాటి కేబుళ్లు మనం తీసుకోకూడదు, ఇవ్వకూడదు, ముట్టుకోకూడదు. తలుపు బరువంతా మోసేది మోటారు కాదు, పైన బిగించి తిప్పిన ఆ స్ప్రింగే. అది ఊడితే చెయ్యి విరగడం చిన్న దెబ్బ కింద లెక్క. ఎర్ర హ్యాండిల్ లాగి తలుపును సగం ఎత్తి వదిలితే అక్కడే నిలబడాలి. కిందకు జారితే లోపం స్ప్రింగులో ఉంది. అలాంటప్పుడు అనుభవం ఉన్న మనిషిని పిలిచి డబ్బు ఇవ్వాల్సిందే. ఈ పరీక్ష తలుపు కిందకు దిగి ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. పైన ఉండగా ఎర్ర హ్యాండిల్ లాగితే, స్ప్రింగు తెగి ఉంటే మొత్తం మీద పడుతుంది.

ఇది చదువుతూ మీలో న్యాయ వ్యవహారాలు చూసేవారు లయబిలిటీ, అంటే ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్న మాటెత్తుతారని తెలుసు. సబబే. అందుకే సంఘం పేరుతో ఎవరి ఇంట్లోనూ ఏదీ బిగించవద్దు. పార్టు ఇవ్వడం వరకే మన పని. బిగించుకోవడం ఇంటివారి ఇష్టం, లేదా వారు పిలిపించుకున్న టెక్నీషియన్ పని. తీసుకునేవారు ఒక కాగితం మీద సంతకం పెడతారు. బిగించాక తలుపు కింద ఒక టూ బై ఫోర్ చెక్కను పడుకోబెట్టి మూసి చూడాలని అందులోనే రాసి ఉంటుంది. తలుపు చెక్కను తాకగానే వెనక్కి వెళ్లాలి. వెళ్లకపోతే వాడకూడదు.

దొంగల భయం గురించి కూడా ముందే చెబుతాను. పాత బోర్డులో పాత ఇంటి రిమోట్ల కోడ్లు ఉంటాయి. లెర్న్ బటన్‌ను ఆరు సెకన్లు, పక్కనున్న లైటు ఆరేదాకా, నొక్కి పట్టుకుంటే ఛాంబర్లేన్ మెషీన్లలో ఆ కోడ్లన్నీ చెరిగిపోతాయి. మన మూలలోకి వచ్చే ప్రతి బోర్డుకూ వీలైతే దించేముందే ఇది చేయాలి. ఆ మాటకొస్తే పాత ఇల్లు కొన్న ప్రతివారూ గృహప్రవేశం రోజునే చేయాల్సిన పని. పాత యజమాని రిమోట్ ఎవరి కారులో ఉందో మనకేం తెలుసు?

మీరు ఒప్పుకుంటే చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఒక షీట్ పెట్టుకోవాలి. మోడల్ నంబరు, తయారైన తేదీ, బటన్ రంగు, ఏది పోయింది, ఏది బాగుంది. మోడల్ నంబరు, తేదీ మెషీన్ మీది స్టిక్కర్‌ను ఫోటో తీస్తే వచ్చేస్తాయి. కొత్తది పెట్టించుకునేవాళ్లు పాతదాన్ని టెక్నీషియన్‌తో పంపేయకుండా, రైలు కాకుండా మోటారు పెట్టె, సెన్సర్లు, గోడ బటన్, రిమోట్లు ఇంట్లోనే ఉంచి కబురు చేయాలి. రైళ్లు పొడవు, చోటు ఆక్రమిస్తాయి, వదిలేద్దాం. జీనీవాటికి క్యారేజ్ మాత్రం విప్పి తెచ్చుకుందాం. జీనీ సెన్సర్లు, ఛాంబర్లేన్ సెన్సర్లు ఒకదానికొకటి పనికిరావు, కాబట్టి డబ్బాలు వేర్వేరుగా పెట్టాలి. ఏడాది పాటు ఎవరూ అడగని మోటార్లను, కాలిపోయిన బోర్డులను సిటీ ఈ-వేస్ట్ కేంద్రానికి ఇచ్చేద్దాం. స్టోరేజ్ యూనిట్ ఇంకో రాజదర్బారు అవ్వకూడదు కదా.

డబ్బు అడగడం లేదు. షీట్ నేను చూసుకుంటాను. సోల్డరింగ్ చేయడానికి ఇద్దరు మిత్రులు ఇప్పటికే ఒప్పుకున్నారు. మీ వచ్చే సమావేశం ఎజెండాలో దీనికి పది నిమిషాలు కేటాయించండి. వసంతకాలపు పిక్నిక్‌లో పులిహోర వడ్డించే చోటుకు కాస్త దూరంగా, గ్రీజు కదా, ఒక టేబుల్ వేయించండి. మొదటి రోజు ఆ టేబుల్ మీద పెట్టడానికి ఒక ఊదా బటన్ బోర్డు, రెండు జతల సెన్సర్లు, వాడని ఒక గేరు సెట్టు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పాత జీనీ స్క్రూ మెషీన్‌కు క్యారేజ్ ఎవరి దగ్గరైనా ఉంటే అప్పటిదాకా ఆగకుండా గ్రూపులో చెప్పండి. మా వీధిలోనే ఒకరు దానికోసం చూస్తున్నారు.

ఇట్లు,
మీ సభ్యుడొకడు,
ప్లేనో, టెక్సస్